ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు నేల పొంగునూ లోహాలనూ పరీక్షించుకోవడం ఎలా?

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు చూసుకున్న వారి నుంచి నాకు వచ్చే ప్రశ్నలు ఏడాది పొడవునా రెండే ఉంటాయి. "నేల నల్లగా ఉంది, ఇల్లు నిలుస్తుందా?" అన్నది మొదటిది. "దగ్గరలో ఫ్యాక్టరీలు ఉండేవట, పెరట్లో కూరగాయలు పండించుకోవచ్చా, బోరు నీళ్లు తాగవచ్చా?" అన్నది రెండోది. లింకు డాక్యుమెంట్లూ ఈసీలూ నెల రోజులు తిరగేసే వారు కూడా నేల కోసం ఒక పూట కేటాయించరు. ఒకే రోజున తవ్వి తీసిన మట్టితో ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం రాబట్టవచ్చు. ఎక్కడ తవ్వాలి, ఎంత మట్టి తీయాలి, ఇంట్లో ఏం చేయాలి, ల్యాబును ఏం అడగాలి, వచ్చిన అంకెలను ఎలా చదవాలి అన్నవి ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

హైదరాబాద్ నేల గురించి ఒక్క మాట తెలిసి ఉంటే చాలు. నగరంలో చాలా భాగం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద ఉంది. ఆ రాయి శిథిలమై ఏర్పడిన మొరం, దాని మీది ఎర్ర చెలక నేల ఇంటి పునాదికి మంచివి. పడమటి వైపు చేవెళ్ల, వికారాబాద్ దిశగా వెళ్తే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా రాయి, దాని నుంచి పుట్టిన నల్లరేగడి కనిపిస్తాయి. తడిస్తే పొంగి, ఎండితే కుంచించుకుపోయే ఈ నేల పునాదిని కదిలిస్తుంది. పటాన్‌చెరు దగ్గర రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి. 1972లో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రానికి స్థలం ఎంచుకున్నప్పుడు ఎర్రనేల, నల్లనేల ఒకే చోట దొరకడం ఒక ముఖ్య కారణం. కాబట్టి "మా పక్క ప్లాటులో మొరం పడింది" అన్న మాట మీద ఆధారపడవద్దు. గ్రానైటు ప్రాంతంలో కూడా చెరువుల కింద, వాగుల వెంట, పల్లపు చోట్ల రేగడి పేరుకుని ఉంటుంది.

కావలసినవి

గడ్డపార, పార, కొలత టేపు. లేదా ఒక గంటకు జేసీబీ. 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీలు రెండు (ఇవి ల్యాబు సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి). పది గ్రాములను సరిగ్గా తూచగల చిన్న డిజిటల్ త్రాసు. 425 మైక్రాన్ల జల్లెడ. అది దొరకకపోతే మైదా జల్లించే సన్న జల్లెడ. అర లీటరు డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీల్లో పోసే నీరు. పావు లీటరు కిరోసిన్. కొత్త పాలిథీన్ సంచులు పది, చెరగని సిరా పెన్ను, ప్లాస్టిక్ లేదా చెక్క గరిటె, ప్లాస్టిక్ బకెట్, శుభ్రమైన పట్టా, చేతి తొడుగులు, మాస్కు.

వీటన్నిటికంటే ముందు యజమాని అనుమతి కావాలి. గుంత తవ్వనివ్వని అమ్మకందారు ఎదురైతే ఆ బేరం నుంచి తప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. అడ్వాన్సు తప్పనిసరిగా ఇవ్వవలసి వస్తే "నేల పరీక్ష ఫలితం అనుకూలంగా లేకపోతే అడ్వాన్సు వాపసు" అన్న వాక్యాన్ని ఒప్పంద పత్రంలో రాయించుకోండి.

1. ముందుగా ఆ చోటు చరిత్ర తెలుసుకోండి

ఈ పని ఇంట్లో కూర్చుని చేయవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుతూ మీ ప్లాటు ఉన్న చోటును చూడండి. ఒకప్పుడు నీరు, ఇటుక బట్టీ, రాతి క్వారీ, షెడ్లు లేదా చెత్త కుప్ప ఉండి, తరువాతి చిత్రాల్లో చదునైన నేలగా మారిందేమో గమనించండి. ఆ తరువాత హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఖాళీగా వదలవలసిన పట్టీ) గీతలు ఎక్కడి దాకా ఉన్నాయో చూడండి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో (హైదరాబాద్ ప్రాంతం 56కే షీట్లలో వస్తుంది) ఇప్పుడు మాయమైన కుంటలూ నాలాలూ కనిపిస్తాయి. పహాణీలో "శిఖం" అన్న మాట ఉంటే అది చెరువు నేల అని అర్థం. అక్కడితో ఆగిపోండి, పరీక్ష కూడా అవసరం లేదు.

లోహాల విషయంలో అడగవలసింది ఊరి పెద్దలను. ఇక్కడ ఏ పని జరిగేదని నేరుగా అడగండి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన చోట సీసం, ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్ల దగ్గర క్రోమియం, నికెల్, తోలు శుద్ధి చేసిన చోట క్రోమియం, రంగుల తయారీ చోట సీసం, కాడ్మియం వంటివి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. పటాన్‌చెరు, కాటేదాన్, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాల నేలల్లో భారలోహాలను ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కొలిచి ప్రచురించారు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థ జలాలు నక్కవాగు గుండా మంజీర వైపు పారిన సంగతి ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మూసీ నీటితో ఏళ్ల తరబడి తడిసిన పొలాలు, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు దిగువన ఉన్న స్థలాలు కూడా పరీక్ష లేకుండా కొనదగినవి కావు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఫ్యాక్టరీ ఎంత దూరంలో ఉందో మాత్రమే చూస్తారు, అది ఎగువన ఉందా దిగువన ఉందా అని చూడరు. అర కిలోమీటరు దూరంలో ఎగువన ఉన్న షెడ్డు, పక్కనే దిగువన ఉన్న షెడ్డు కంటే మీకు ఎక్కువ హాని చేయవచ్చు, ఎందుకంటే వాన నీరు దాని మీదుగా మీ వైపే వస్తుంది.

2. గుంత తవ్వే చోటు నిర్ణయించుకుని తవ్వండి

200 గజాల ప్లాటుకు మూడు గుంతలు సరిపోతాయి: ఎదురెదురు మూలల్లో ఒక్కొక్కటి, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఒకటి. ఒక్క గుంతతో సరిపెట్టుకోవద్దు. మన గ్రానైటు నేలల్లో ఒక మూల అడుగు లోతులోనే బండ తగిలి, మరో మూల రెండు మీటర్ల దాకా రేగడి ఉండడం అరుదు కాదు. ఇల్లు సగం బండ మీద, సగం మెత్తటి నేల మీద నిలిస్తే మెత్తటి వైపు కుంగి, గోడ మధ్యలో బీట పడుతుంది. అలాగే గడ్డపార ఠంగుమన్నంత మాత్రాన బండ వచ్చేసిందని అనుకోవద్దు. మొరంలో విడిగా ఉండే గుండ్రాళ్లు అలాగే మోసం చేస్తాయి. రెండు అడుగులు పక్కకు జరిగి మళ్లీ తవ్వి చూడండి.

వీలైతే ఏప్రిల్, మే నెలల్లో తవ్వండి. అప్పుడు రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది కాబట్టి నేల స్వభావం కంటికే తెలుస్తుంది. నెర్రెలో సన్నటి కమ్మీ దించి, అది ఎంత లోతుకు దిగుతుందో కొలిచి రాసుకోండి. వానాకాలంలో తవ్వవలసి వస్తే నెర్రెలు కనిపించవు, మూసుకుపోయి ఉంటాయి. అప్పుడు నేల బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది.

హెచ్చరిక: మనిషి దిగి తవ్వే గుంత నడుము లోతును, మహా అయితే 1.2 మీటర్లను మించకూడదు. రేగడి గోడ చూడడానికి గట్టిగానే ఉంటుంది, కానీ నెర్రె వెంట పెళ్లగా విరిగి మీద పడుతుంది. అంతకంటే లోతు కావాలంటే జేసీబీతో మూడు మీటర్ల దాకా తవ్వించి, ఎవరినీ లోపలికి దించకుండా, బకెట్‌లో పైకి వచ్చిన మట్టి పెళ్లల నడిమి భాగం నుంచి నమూనా తీసుకోండి. పని అయిపోగానే గుంత పూడ్పించండి. పిల్లలు, పశువులు పడిన సంఘటనలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

గుంత గోడను పై నుంచి కిందికి చూస్తూ రంగు మారిన ప్రతి చోటా లోతు కొలిచి రాసుకోండి, ఫోటో తీసుకోండి. ప్లాస్టిక్ ముక్కలు, ఇటుక పొడి, బొగ్గులాంటి చిట్టెం, కుళ్లు వాసన గల నల్ల బురద కనిపిస్తే అది పోసిన మట్టి. దానికి కిందుగా గడ్డి వేళ్లతో సహా పాత నేల పొర దొరికితే ఇక సందేహమే లేదు. పోసిన మట్టి మీద పునాది వేయకూడదు. ఎంత లోతైనా దాన్ని దాటి అసలు నేలను చేరవలసిందే.

3. మట్టిని రెండు విధాలుగా తీయండి

పొంగు పరీక్షకూ లోహాల పరీక్షకూ నమూనా తీసే పద్ధతులు వేర్వేరు. రెండిటికీ ఒకే సంచి పట్టుకెళ్లడం దాదాపు అందరూ చేసే తప్పు.

పొంగు పరీక్షకు పై అడుగు మట్టిని పక్కకు తీసేయండి. అందులో వేళ్లు, పేడ, ఆకుల కుళ్లు ఉంటాయి. పునాది కూర్చునే లోతు నుంచి, అంటే ఒక మీటరు, ఒకటిన్నర మీటర్ల దగ్గర నుంచి, ఒక్కో గుంతకు కిలో చొప్పున తీసుకోండి.

లోహాల పరీక్షకు పై మట్టే ముఖ్యం, ఎందుకంటే పిల్లల చేతులకు అంటేదీ, ఆకుకూర వేళ్లు తాకేదీ అదే. ప్లాటులో వంకర టింకరగా నడుస్తూ పది చోట్ల 0 నుంచి 15 సెంటీమీటర్ల లోతు మట్టిని ప్లాస్టిక్ గరిటెతో తీసి బకెట్‌లో కలపండి. దాన్ని పట్టా మీద గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను పారబోసి మిగిలిన రెండిటిని కలపండి. అర కిలో మిగిలే దాకా ఇలాగే చేయండి. జింకు పూత ఉన్న తట్ట, రంగు వేసిన పార వాడితే ఆ జింకు, ఆ రంగులోని లోహం మీ నమూనాలోకి వస్తాయి. ప్రహరీ గోడకు ఆనుకుని, రోడ్డు అంచున, వాహనాలు కడిగే చోట మట్టిని మాత్రం ఈ మిశ్రమంలో కలపవద్దు. అనుమానం ఉన్న మరకల దగ్గర విడిగా తీసి, విడి సంచిలో వేయండి.

నేల నల్లరేగడి అయితే మరొక నమూనా తప్పనిసరి. రేగడికి తనను తాను తిరగేసుకునే గుణం ఉంది. ఎండలో నెర్రెలు విచ్చినప్పుడు పై మట్టి పొడి వాటిలోకి రాలుతుంది, తొలకరి నీరు కూడా నేలలో మెల్లగా ఇంకకుండా నెర్రెల గుండా నేరుగా లోతుకు దిగుతుంది. పైన పడిన లోహం అలా మీటరు లోతుకు చేరి, అక్కడి బంకమట్టికి పట్టుకుని ఉండిపోవచ్చు. అందువల్ల రేగడిలో పై మట్టి పరీక్ష ఒక్కటే చేయించి ఊరుకుంటే ఫలితం అసలు స్థితి కంటే మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంది. ఒక మీటరు లోతు నుంచి కూడా అర కిలో తీసి పంపండి. పునాది తవ్వినప్పుడు పైకి వచ్చేదీ, చివరికి పెరట్లో పరుచుకునేదీ ఆ మట్టే.

ఇంకొక సంచి కూడా కావాలి. కిలోమీటరో రెండు కిలోమీటర్లో దూరంలో, ఎగువన, పరిశ్రమ గానీ మురుగు గానీ చేరని చోట, అదే రంగు గల నేల నుంచి ఒక నమూనా తీసుకోండి. ఇది పోల్చి చూసుకోవడానికి. ఇది లేకపోతే ఏడో మెట్టులో ఫలితాలు చదవడం కష్టమవుతుంది.

ప్రతి సంచి మీద తేదీ, గుంత సంఖ్య, లోతు రాయండి. లోహాల మట్టిని నీడలో, దుమ్ము పడని చోట కాగితం మీద ఆరబెట్టండి. వంటగదిలో ఆరబెట్టవద్దు.

4. ఇంట్లో పొంగు పరీక్ష చేయండి

భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 2720, 40వ భాగంలో ఇచ్చిన పద్ధతి ఇదే, చేయడం చాలా తేలిక. ఆరిన మట్టిని పొడి చేసి, జల్లించి, సరిగ్గా పది గ్రాముల చొప్పున రెండు భాగాలు తూచండి. ఒక కొలజాడీలో డిస్టిల్డ్ వాటర్, రెండో దానిలో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత దాకా నింపుతూ మట్టిని మెల్లగా వేయండి. గాజు కడ్డీతో నెమ్మదిగా కలిపి గాలి బుడగలు పోనివ్వండి. పొయ్యికి దూరంగా, కదలని చోట 24 గంటలు ఉంచండి. తరువాత అడుగున కూర్చున్న మట్టి ఎన్ని మిల్లీలీటర్ల గీత దాకా ఉందో రెండిటిలోనూ చదవండి. కిరోసిన్‌లో బంకమట్టి పొంగదు, నీటిలో పొంగుతుంది, ఆ తేడాయే మనకు కావలసింది.

లెక్క ఇలా చేయాలి. నీటిలో 20, కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు వచ్చాయనుకుందాం. తేడా 9. దాన్ని 11తో భాగించి 100తో గుణిస్తే 82 శాతం. ఐఎస్ 1498 ప్రకారం 50 శాతం లోపు అయితే పొంగు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, 200 దాటితే తీవ్రం. అంకె సున్నా కంటే కాస్త తక్కువగా, అంటే కిరోసిన్‌లోనే ఎక్కువగా వస్తే భయపడవద్దు. పొంగని రకం సుద్ద మట్టిలో అలా రావడం మామూలే.

ఈ పరీక్షను పాడు చేసేది ఎక్కువగా నీరే. నేను మొదట్లో ఒకసారి డిస్టిల్డ్ వాటర్ అయిపోయి బోరు నీళ్లు పోశాను. నెర్రెలు బారిన నేల నుంచి తెచ్చిన మట్టి 60 శాతమే పొంగింది. అనుమానం వచ్చి మరునాడు సరైన నీటితో చేస్తే 100 దాటింది. మన బోరు నీటిలోని కాల్షియం బంకమట్టి రేకులను దగ్గరగా పట్టి ఉంచి పొంగనివ్వదు. రెండో తప్పు, మట్టిని పెనం మీద వేయించి ఆరబెట్టడం. ఎక్కువ వేడికి బంకమట్టి గుణమే మారిపోతుంది, ఎండలో రెండు మూడు రోజులు ఆరబెడితే చాలు. మూడోది, ముతక జల్లెడ. ఇసుక ఎక్కువగా చేరితే అంకె తగ్గుతుంది. మైదా జల్లెడతో చేసిన ఫలితాన్ని అంచనాగానే తీసుకోండి. ఒక్కో మట్టిని రెండేసి సార్లు చేసి, రెండు అంకెలు పదిశాతం లోపు తేడాతో వస్తేనే నమ్మండి.

కిరోసిన్ దొరకలేదా? తడి మట్టిని అరచేతుల మధ్య దారంలా పేనండి. మూడు మిల్లీమీటర్ల సన్నం దాకా తెగకుండా, మళ్లీ ముద్ద చేసి మళ్లీ పేనినా తెగకుండా వస్తే అది బంక ఎక్కువగా ఉన్న మట్టి. మరో ముద్దను అరచేతి మందాన బిళ్లగా చేసి నీడలో ఆరబెట్టి, అంచులు ముడుచుకుని పగుళ్లు వస్తాయేమో చూడండి. ఇవి అంకె ఇవ్వవు, కానీ ల్యాబుకు పంపాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి సరిపోతాయి.

50 శాతం దాటిన ఏ నేలకైనా ఇంటి పరీక్షతో ఆగిపోకుండా ఇంజినీరు ద్వారా పొంగు ఒత్తిడి, ద్రవ పరిమితి, నేల భారం మోసే శక్తి పరీక్షలు చేయించండి.

5. బోరు నీటి నమూనా తీయండి

ప్లాటులోనో పక్కనో బోరు ఉంటే మోటారు పది పదిహేను నిమిషాలు నడిచాక నీరు పట్టండి. పైపులో నిలిచిన నీరు పైపు లోహాన్నే చూపిస్తుంది. సీసాను ల్యాబు నుంచే తీసుకోండి. లోహాల కోసం అందులో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు, దాన్ని కడగవద్దు, పొంగి పొర్లేలా నింపవద్దు, చేతికి అంటనివ్వవద్దు.

6. ల్యాబును సరిగ్గా అడగండి

ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగితే చాలదు. ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడివిడిగా ఉంటుంది. నేలలో సీసం, కాడ్మియం కొలిచే పరీక్ష వారి గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూపమనండి. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్, నికెల్, రాగి, జింకు, పాదరసం అనే ఎనిమిదీ, ఆమ్లంలో జీర్ణం చేసి ఐసీపీ యంత్రం (లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచేది) మీద, పొడి బరువు లెక్కన కొలవమని, వాటితో పాటు పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం) కూడా చూడమని రాతపూర్వకంగా అడగండి. ప్లేటింగ్ లేదా తోలు పరిశ్రమ దగ్గర ఉంటే హెక్సావాలెంట్ క్రోమియం విడిగా కొలవమనండి. మొత్తం క్రోమియం అంకె ఒక్కటే చూస్తే విషపూరితమైన రూపం ఎంత ఉందో తెలియదు.

"వ్యవసాయ శాఖ ఇచ్చిన భూసార కార్డు ఉంది, అందులో అన్నీ బాగున్నాయి" అని చాలామంది చెబుతారు. 2015లో మొదలైన ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ శాతం, సేంద్రియ కర్బనం. పైరుకు ఏం కావాలో అది చెబుతుంది. సీసం, కాడ్మియం దానిలో లేనే లేవు.

ల్యాబు పనితీరును సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. బాగా కలిపిన ఒకే మట్టిని రెండు సంచుల్లో వేసి, రెండు వేర్వేరు పేర్లు రాసి పంపండి. ఫలితాలు 20 శాతం కంటే ఎక్కువ తేడాతో వస్తే మళ్లీ పరీక్షించమని అడిగే హక్కు మీకుంది. ఒక నమూనా ఖర్చు అదనంగా అవుతుంది, కానీ లక్షల రూపాయల నిర్ణయం ఆ కాగితం మీద ఆధారపడి ఉంది.

7. అంకెలను చదవండి

మొదట ప్రమాణం చూడండి. నేలకు కిలోకు మిల్లీగ్రాములు, నీటికి లీటరుకు మిల్లీగ్రాములు. కొన్ని ల్యాబులు నీటిని మైక్రోగ్రాముల్లో ఇస్తాయి, వెయ్యి రెట్ల తేడా పడుతుంది. "బీడీఎల్" అని ఉంటే యంత్రానికి అందనంత తక్కువ అని అర్థం, కానీ ఆ అందే హద్దు ఎంతో పక్కన రాసి ఉండాలి. నీటిలో సీసం హద్దు 0.01 అయినప్పుడు 0.05 కంటే తక్కువను చూడలేని యంత్రం ఇచ్చిన బీడీఎల్‌కు విలువ లేదు.

నీటికి ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు మిల్లీగ్రాముల్లో హద్దులు ఇవి: సీసం 0.01, కాడ్మియం 0.003, మొత్తం క్రోమియం 0.05, నికెల్ 0.02, ఆర్సెనిక్ 0.01, పాదరసం 0.001.

నేలకు మన దేశంలో వ్యవసాయ అధ్యయనాల్లో తరచుగా వాడే హద్దులు కిలోకు మిల్లీగ్రాముల్లో సీసం 250 నుంచి 500, కాడ్మియం 3 నుంచి 6, నికెల్ 75 నుంచి 150, రాగి 135 నుంచి 270, జింకు 300 నుంచి 600. పిల్లలు ఆడుకునే ఇంటి నేలకు వీటిని నేను చాలినవిగా భావించను. సీసం విషయంలో కెనడా నివాస స్థలాలకు 140 హద్దు పెట్టింది, అమెరికా పర్యావరణ సంస్థ 2024 జనవరిలో తన 400 హద్దును 200కు తగ్గించింది. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి ఏదీ తెలియదు కాబట్టి ఇంటి పెరటికి 140 దాటితే జాగ్రత్త మొదలుపెట్టడం మంచిది.

పోలిక కోసం తీసిన నమూనా ఇప్పుడు ఉపయోగపడుతుంది. లావా రాయి నుంచి పుట్టిన నల్లరేగడిలో రాగి, నికెల్, క్రోమియం సహజంగానే ఎర్రనేలలో కంటే ఎక్కువగా ఉంటాయి. కెనడా నివాస హద్దు ప్రకారం క్రోమియం 64 దాటిందని కంగారుపడి ఫోన్ చేసిన వారికి నేను చెప్పేది ఒక్కటే: మీ దూరపు నమూనాలోనూ దాదాపు అంతే ఉంటే అది నేల స్వభావం, కాలుష్యం కాదు. దానికి రెండు మూడు రెట్లు ఉంటే, అందులోనూ పై పొరలో ఎక్కువగా ఉంటే, బయటి నుంచి చేరిందని అర్థం. సీసం, కాడ్మియం మాత్రం ఏ నేలలోనైనా సహజంగా తక్కువగానే ఉంటాయి, అవి పెరిగితే కారణం వెతకండి.

ఈ పరీక్ష లోహాలకే పరిమితం. పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో యాంటీబయాటిక్ మందులు పెద్ద మోతాదులో ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మందుల, రసాయనాల పరిశ్రమలకు దిగువన ఉన్న స్థలమైతే లోహాల కాగితం శుభ్రంగా ఉన్నా ఆ బోరు నీటిని తాగడానికి వాడవద్దని నా సలహా.

8. ఫలితాన్ని బట్టి ఏం చేయాలి?

నేల పొంగేదైతే: రేగడి మందం మీటరు, మీటరున్నర లోపు ఉండి దాని కింద మొరం ఉంటే, రేగడిని పూర్తిగా దాటించి పునాదిని మొరం మీద కూర్చోబెట్టండి. ఇదే అన్నిటికంటే నమ్మకమైన మార్గం. లోతు ఎక్కువైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపే, అడుగు భాగం ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయించండి. లోతైన రేగడిలో వీటి పొడవు 3.5 మీటర్లకు తగ్గకూడదు, వాటిని కలిపే బీమ్ అడుగుకూ నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మేస్త్రీలు ఆ ఖాళీని చూసి "పని సగంలో ఆపేశారు" అనుకుని మట్టితో కూరేస్తారు. అప్పుడు పొంగిన నేల నేరుగా బీమ్‌ను పైకి తోస్తుంది. శంకర్‌పల్లి వైపు నాకు తెలిసిన ఒక ఇంట్లో రెండో వానాకాలానికే గడపలు బిగుసుకుపోయి తలుపులు పడకుండా అయిన కారణం అదే. బీమ్ పోసే రోజున మీరే అక్కడ ఉండి ఆ ఖాళీని టేపుతో కొలవండి.

"ఒక అంతస్తే కదా, తేలిక ఇల్లు, ఏమీ కాదు" అన్న మాట తలకిందుల వాదన. నేలను అణచి పెట్టేంత బరువు లేకపోవడం వల్లనే చిన్న ఇళ్లూ ప్రహరీ గోడలూ ముందుగా దెబ్బ తింటాయి.

ఆ తరువాత కాపాడుకోవలసింది తేమను. ఇంటి చుట్టూ మీటరున్నర నుంచి రెండు మీటర్ల వెడల్పున బయటికి వాలిన చప్టా వేయించండి. ఇంకుడు గుంత తప్పనిసరే, కానీ దాన్ని పునాది పక్కన తవ్వితే ఒక మూల నేల ఏడాది పొడవునా తడిసి ఆ మూలే పైకి లేస్తుంది. ప్లాటులో పల్లపు అంచున, రేగడిని దాటి మొరంలోకి దిగేలా, ఇంటికి వీలైనంత దూరంగా తవ్వించండి. సెప్టిక్ ట్యాంకుకూ, రావి, వేప వంటి పెద్ద చెట్లకూ ఇదే వర్తిస్తుంది.

లోహాలు ఎక్కువగా ఉంటే: సీసం, కాడ్మియం హద్దును కొద్దిగా దాటిన చోట నేలను కప్పి ఉంచడమే సగం పని. ఖాళీ మట్టి కనిపించకుండా గడ్డి పెంచండి లేదా రాళ్లు పరిపించండి. కూరగాయలకు నేల మీద మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద అడుగున్నర ఎత్తు మడులు కట్టి, పరీక్షించిన మట్టి పోయండి. అది వీలు కాకపోతే పాలకూర, తోటకూర, కొత్తిమీర, ముల్లంగి మాని బెండ, వంగ, టమాటా వేయండి. ఆకులూ దుంపలూ లోహాన్ని ఎక్కువగా మోస్తాయి, కాయలు తక్కువ. పీహెచ్ 6.5 కంటే తక్కువ ఉంటే సున్నం వేయడం సీసం, కాడ్మియాలను కట్టి ఉంచుతుంది. అయితే ఆర్సెనిక్, హెక్సావాలెంట్ క్రోమియం ఉన్న నేలకు సున్నం వేయవద్దు, అవి క్షార నేలలో మరింత కదులుతాయి. నీటిని మరిగించడం వల్ల లోహం పోదు, నీరు తగ్గి మోతాదు పెరుగుతుంది.

హద్దుకు అనేక రెట్లు ఉంటే కొనవద్దు. ఇప్పటికే కొని ఉంటే ఆ మట్టిని లారీకి ఎత్తించి మరో చోట పోయించవద్దు, ఆ విషం మరొకరి పిల్లల దగ్గరకు చేరుతుంది. కాలుష్య నియంత్రణ మండలికి నివేదికతో సహా రాతపూర్వకంగా తెలియజేసి, వారు చెప్పిన విధంగానే తరలించండి. దుండిగల్ వద్ద ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ కేంద్రం ఉంది. అలాగే బేస్‌మెంట్ నింపడానికి తక్కువ ధరకు వచ్చే లారీ మట్టిని కూడా ఒక్క నమూనా తీసి చూడకుండా దింపుకోవద్దు. మంచి నేల మీద కట్టిన ఇంట్లోకి చిట్టెం, బూడిద చేరేది చాలాసార్లు ఈ దారిలోనే.

9. ఇల్లు కట్టాక సరిచూసుకోండి

గోడకు సన్నని బీట కనిపిస్తే దాని రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, మధ్యలో వెడల్పు కొలిచి రాయండి. మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి మళ్లీ కొలవండి. ఎండాకాలంలో తెరుచుకుని వానల్లో మూసుకునే బీట, ముఖ్యంగా తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగేది, నేల కదలికను చూపుతుంది. ఏ కాలంలోనూ మారని వెంట్రుక పగులు సాధారణంగా ప్లాస్టరుకు సంబంధించినది. కదిలే బీటను సిమెంటుతో పూడ్చి రంగు వేసే ముందు నీరు ఎక్కడి నుంచి చేరుతోందో వెతకండి: కారుతున్న పైపు, చప్టాలో చీలిక, గోడ పక్కన తవ్విన పూల మడి.

బోరు నీటి లోహాలను ఏడాదికోసారి, వానలు తగ్గాక కొలిపించండి. మొదటి రోజు తీసిన మట్టిలో ప్రతి సంచి నుంచి పావు కిలో చొప్పున గట్టిగా కట్టి, ల్యాబు కాగితాలతో పాటు దాచి ఉంచండి. ఎగువన కొత్త షెడ్డు వెలిసినా, ఎవరైనా పక్క ప్లాటులో తెలియని మట్టి పోసినా, ఆ రోజు నేల ఎలా ఉండేదో చూపడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఆ సంచులే.